పిల్లి బొచ్చు, రాగి రేకు

ప్రెస్ మీంచి తడి కాగితం మెల్లగా లేపుతుంటే ముందు పిల్లి చెవులు, తర్వాత వీపు బయటపడ్డాయి. ఎంత మెత్తగా వచ్చిందో!

డ్రైపాయింట్ అనే అచ్చు పద్ధతి ఇది. సూదితో రాగి రేకును నేరుగా గీస్తే గీత పక్కన సన్నటి గరుకు అంచు లేస్తుంది. సిరా అక్కడే చిక్కుకుని, గీత నూగునూగుగా అచ్చవుతుంది. పిల్లి బొచ్చుకి ఇంతకంటే తగిన పద్ధతి లేదు.

జర్మన్ చిత్రకారుడు డ్యూరర్ 1504లో ఆదాము హవ్వల పాదాల దగ్గర ఒక పిల్లిని చెక్కాడు, ఎదురుగా ఎలుక కూడా. అది బ్యూరిన్ పని, అంటే రేకును తవ్వే పదునైన ఉలితో చేసింది. గీతలన్నీ పదునుగా, తేటగా ఉంటాయి. గొప్పదే, కానీ నిమరాలనిపించదు.

డ్రైపాయింట్‌తో బాధల్లా ఒకటే. ప్రెస్ ఒత్తిడికి ఆ గరుకు అంచు త్వరగా అణిగిపోతుంది. అందుకే తొలి ప్రింట్లే అసలైనవి. మొదటిది నాకే. రెండోది ఎవరికి కావాలి?