ముత్తాత తండ్రి పేరు

నాన్న పోయిన పన్నెండో రోజు, పోయినవారిని పితృదేవతల్లో కలిపే సపిండీకరణం మధ్యలో పురోహితులుగారు పై మూడు తరాల పేర్లు అడిగారు. తాత, ముత్తాత పేర్లు చెప్పాను. ముత్తాత తండ్రి? తెలియదు. వేలికి దర్భ ఉంగరం, పవిత్రం ఉంది, చేతులు తడి, తమ్ముడే పెద్దత్తకి ఫోన్ చేసి స్పీకర్ పెట్టాడు.

అప్పటిదాకా నాకు నాన్న అంటే ఆస్పత్రిలో చివరి నెల మొహమే గుర్తొచ్చేది, ముక్కులో గొట్టం, మాట రాక కళ్ళతోనే నీళ్ళు అడగడం. ఇక జీవితాంతం ఇదే మిగులుతుందేమోనని భయమేసింది. దానికితోడు పది రోజులుగా మంత్రాల్లో ఆయన్ని ‘ప్రేత’ అంటుంటే అమ్మ విన్నప్పుడల్లా ఉలిక్కిపడేది. మనకి ఆ మాట దయ్యం కింద లెక్క గానీ, సంస్కృతంలో ‘ప్ర ఇత’, వెళ్ళిపోయినవాడు, అంతే.

ఆ రోజు నాన్న పేర పెట్టిన పిండాన్ని మూడు భాగాలు చేసి, ఆ ముగ్గురి పిండాల్లో నాచేతే కలిపించారు. అక్కడితో ప్రేత అన్న పిలుపు పోయింది. ఇప్పుడు ఆయన పితృదేవత, ఆ వరసలో మొదటిదైన వసురూపం. నాన్నకి చోటివ్వడానికి తాత రుద్రరూపానికి, ముత్తాత ఆదిత్యరూపానికి జరిగారు. మంచం మీది మనిషిని అలా వరసలో కూర్చోబెట్టాక ఆయన అంతకుముందు బతుకంతా కూడా గుర్తు రావడం మొదలైంది. నాకైతే పన్నెండు రోజుల తతంగంలో అసలు పని ఇదే అనిపించింది, మిగతా హడావిడి ఎలాగూ ఉండేదే.

మరి ముత్తాత తండ్రి? తర్పణంలో పేరు పెట్టి పిలిచేది మూడు తరాలనే, కాబట్టి ఆయన వరస దాటిపోయారు. పొద్దున తెలిసిన పేరు మధ్యాహ్నానికి సెలవు తీసుకుంది! నాకు చివుక్కుమంది. తర్వాత తెలిసింది, నాలుగో తరం నుంచి పైవాళ్ళని లేపభాగులంటారట, పిండం పెట్టాక చేతికి అంటుకుని మిగిలిన మెతుకులు వాళ్ళవి. పేరు పిలవరు గానీ బొత్తిగా వదిలేయరు కూడా.

మొన్న నాన్న ఆబ్దికంలో ‘చెయ్యి దర్భలకి తుడవండి’ అన్నారు పురోహితులుగారు. అందరూ లేచే తొందరలో ఉన్నారు. నేను మాత్రం ఒక్కో వేలూ తుడుస్తూ, పెద్దత్త ఫోన్‌లో చెప్పిన ఆ పేరు మనసులోనే అనుకున్నాను.