50 టన్నుల క్రేన్‌తో 7.2 టన్నుల ట్రాన్స్‌ఫార్మర్ దించిన లెక్క: నా అనుభవం

"యాభై టన్నుల క్రేన్ వచ్చింది, ఏడు టన్నుల సామానుకి ఇంత లెక్కెందుకండీ?" సైటులో ప్రతిసారీ ఎవరో ఒకరు అడుగుతారు. బూమ్ (క్రేన్ పొడవాటి చెయ్యి) మీద రాసిన ఆ 50, సుమారు 3 మీటర్ల రేడియస్‌లో (క్రేన్ తిరిగే కేంద్రం నుంచి హుక్ దాకా అడ్డంగా ఉన్న దూరం), బూమ్ మొత్తం లోపలికి ముడిచి, జాకులన్నీ (క్రేన్‌ని నిలబెట్టే పక్క కాళ్లు) పూర్తిగా చాపినప్పటి మాట. 3 మీటర్లంటే సామాను క్రేన్‌ని ఆనుకుని ఉన్నట్టే. అక్కడ మనకు పనే ఉండదు.

పటాన్‌చెరు వైపు ఒక ఫ్యాక్టరీలో 2500 కేవీఏ ట్రాన్స్‌ఫార్మర్‌ని ట్రైలర్ మీంచి ఎత్తి పునాది మీద కూర్చోబెట్టాలి. లిఫ్టింగ్ ప్లాన్ రాయడం నా వంతు.

మొదట బరువు. డెలివరీ చలానాలో ఏముందో పట్టించుకోలేదు, రేటింగ్ ప్లేటు చూశాను. అందులో కోర్, వైండింగ్ బరువు వేరు, నూనె బరువు వేరు, మొత్తం వేరుగా ఉంటాయి. తొందరలో పైవరస చదివేసి అదే మొత్తం అనుకునేవాళ్లు చాలామంది. మా ప్లేటులో మొత్తం 7,200 కిలోలు, అందులో నూనె 1,800 లీటర్లు. లీటరు సుమారు 0.87 కిలో, అంటే 1,570 కిలోలు నూనెదే. కొన్నిసార్లు నూనె డ్రమ్ముల్లో విడిగా వస్తుంది కాబట్టి ట్యాంకులో ఉందో లేదో గేజ్ చూసి నిర్ధారించుకున్నాకే అంకె రాశాను.

క్రేన్ లోడ్ చార్టులో (ఏ రేడియస్‌లో ఎంత ఎత్తవచ్చో చెప్పే పట్టిక) కనిపించే సామర్థ్యం సామానుకి మాత్రమే కాదు, బూమ్ కొసకి వేలాడేదంతా అందులోదే. హుక్ బ్లాక్ (కొక్కెం, దాని కప్పీలు) 480 కిలోలు, స్ప్రెడర్ బీమ్ (స్లింగులని దూరంగా ఉంచే అడ్డ దూలం) 260, స్లింగులూ (ఎత్తే తాళ్లు, బెల్టులు) డీ షాకిళ్లూ (వాటిని తగిలించే ఇనుప కొలికిలు) కలిపి 110. బూమ్ పక్కన మడిచి పెట్టిన జిబ్‌కి (బూమ్ కొసకి అదనంగా తగిలించే పొడిగింపు) 300 తగ్గించమని చార్టు కింద చిన్న అక్షరాల్లో రాసుంది, దాన్ని ఎవరూ చదవరు. అన్నీ కూడితే 8,350 కిలోలు. ఏడు అనుకున్నది ఎనిమిది దాటింది.

క్రేన్ వచ్చినప్పుడు రోప్ రెండు ఫాల్స్‌తో (హుక్ బ్లాక్‌ని మోసే రోప్ వరసలు) ఉంది. ఆ క్రేన్‌లో ఒక్కో ఫాల్‌కి అనుమతి 4 టన్నులు, రెండుకి 8. రోప్ మోసేది సామాను, స్ప్రెడర్, స్లింగులు, హుక్ బ్లాక్ కలిపి 8,050. యాభై కిలోలు ఎక్కువ! చార్టు ఒప్పుకున్నా రోప్ ఒప్పుకోదు. నాలుగు ఫాల్స్‌కి మార్చడానికి ముప్పావుగంట పట్టింది. మార్చాక ఎస్ఎల్ఐలో (హుక్ మీద బరువు చూపించి, హద్దు దాటితే హెచ్చరించే పరికరం) కూడా ఫాల్స్ సంఖ్య మార్చాలి, లేకపోతే తెర మీద అంకె తప్పే చూపిస్తుంది. అది తూకం యంత్రం కాదు. బూమ్ పొడవు, ఫాల్స్, జాకుల స్థితి, కౌంటర్‌వెయిట్ మనం ఏం చెబితే దాన్నే నమ్మి లెక్కేస్తుంది.

ఇక అసలు తలనొప్పి రేడియస్. 21 మీటర్ల బూమ్‌కి మా చార్టులో 10 మీటర్ల దగ్గర 12.4 టన్నులు, 12 దగ్గర 9.6, 14 దగ్గర 7.3. మొదట అనుకున్న చోటు రోడ్డు అంచున, 12 మీటర్లు. 8,350ని 9,600తో భాగిస్తే 87 శాతం. మేం 80 శాతం దాటనివ్వం. 11 మీటర్లకి జరిగితే? చార్టులో 11 గడి లేదు. మధ్య అంకెని మనమే ఊహించుకోకూడదు, పక్కనున్న ఎక్కువ దూరం గడినే తీసుకోవాలి. అంటే మళ్లీ 12, మళ్లీ 87. 10కి వస్తే 67 శాతం.

రేడియస్ కొలిచేది క్రేన్ తిరిగే కేంద్రం నుంచి హుక్ నిట్టనిలువు రేఖ దాకా. జాకు ప్లేటు అంచు నుంచి టేపు పట్టడం మామూలు పొరపాటు. మా క్రేన్ జాకుల వెడల్పు 6.2 మీటర్లు, అందులో సగం 3.1. అక్కడి నుంచి 7 కొలిచి 'ఏడే కదా' అనుకుంటే అసలు రేడియస్ 10.1.

రోడ్డు వైపు నుంచి ముందుకు జరగడానికి 1.2 మీటర్ల లోతు కేబుల్ ట్రెంచ్ అడ్డం. ట్రెంచ్ ఎంత లోతో కనీసం అంత దూరం దాని అంచు నుంచి వదలాలి, వదులు మట్టయితే ఇంకా ఎక్కువ. 80 టన్నుల క్రేన్ తెప్పిద్దామన్నారు గానీ అది లోపలి మలుపు తిరగదు. చివరికి అవతలి వైపు ఫెన్సింగ్ మూడు గడులు విప్పి క్రేన్‌ని అటు నుంచి పెట్టించాం. ఫెన్సింగ్ విప్పడానికి అనుమతి కోసం పట్టిన టైములో ఇంకో రెండు లిఫ్టులు చేసేవాళ్లం, అది వేరే సంగతి.

చార్టులో ఇంకో విషయం. లావు గీతకి ఒక వైపు అంకెలు బూమ్ బలాన్ని బట్టి, ఇంకో వైపువి క్రేన్ ఒరగడాన్ని బట్టి ఇస్తారు. ఒరిగే వైపు అంకె, అసలు ఒరిగిపోయే బరువులో 75 నుంచి 85 శాతమే. "వెనక జాకు లేస్తే ఆపేద్దాం" అనే పాతకాలపు ధైర్యం దగ్గరి రేడియస్‌లో పనికిరాదు. అక్కడ జాకు లేవదు, బూమే విరుగుతుంది.

నేల సంగతి. క్రేన్ సుమారు 40 టన్నులు, సామానూ తాళ్లూ కలిపి 7.6. బూమ్ ఒక మూల మీదకి వచ్చినప్పుడు ఒక్క జాకు మీదే మొత్తంలో 75 శాతం దాకా పడవచ్చని లెక్కేసుకుంటాం, అంటే దాదాపు 36 టన్నులు. జాకు ప్లేటు అర మీటరు చదరం. నేరుగా నేల మీద పెడితే చదరపు మీటరుకి 143 టన్నులు. కింద ఒకటిన్నర మీటర్ల చదరపు మ్యాట్ (బరువుని ఎక్కువ నేల మీదకి పరిచే గట్టి పలక) వేస్తే 16 టన్నులు. కుదించిన మొరానికి 20 దాకా పరవాలేదని సైటు సివిల్ ఇంజినీరు సంతకంతో రాసిచ్చాడు కాబట్టి వేశాం. అదే వానకు నానిన నల్లరేగడి అయితే మ్యాట్ వేసినా నేను ఒప్పుకోను. నాలుగు స్లీపరు చెక్కలు అడ్డదిడ్డంగా పేర్చడం మ్యాట్ కాదు, మధ్యలో ఖాళీ ఉంటే చెక్క విరిగి జాకు జారుతుంది. టైర్లు నేల వదిలాక బుడగ లెవెల్ చూశాం. వాలు ఒక శాతం దాటకూడదు. బూమ్ కొస 20 మీటర్ల ఎత్తులో ఉంటే ఒక్క డిగ్రీ వాలుకే హుక్ 35 సెంటీమీటర్లు పక్కకు పోతుంది, ఆ మేరకు రేడియస్ పెరుగుతుంది.

ట్రాన్స్‌ఫార్మర్‌కి ఎత్తడానికి షాకిల్ తగిలించే చెవులు రెండు రకాలుంటాయి. పై మూత మీదవి కోర్‌ని మాత్రమే బయటికి తీయడానికి. ట్యాంకు గోడలకి వెల్డ్ చేసినవే మొత్తం బరువు మోసేవి. ఖలాసీ అలవాటు కొద్దీ పైన కనిపించిన చెవికే షాకిల్ తగిలించబోయాడు, ఆపాం. బుషింగులకి (పైన కరెంటు తీగలు కలిపే పింగాణీ కొమ్ములు) స్లింగు తగలకుండా ఉండేందుకే స్ప్రెడర్. స్ప్రెడర్ నుంచి హుక్‌కి వెళ్లే వైర్ రోప్ స్లింగులు 60 డిగ్రీల్లో ఉంచాం. కొలవడం తేలిక: స్లింగు పొడవు, కింద కట్టిన రెండు చోట్ల మధ్య దూరం సమానమైతే 60 డిగ్రీలే. అప్పుడు ఒక్కో స్లింగు మీద బరువులో 0.577 వంతు, మాకు 4.3 టన్నులు. 45 డిగ్రీలకి 0.707 వంతు. పొట్టి స్లింగులేసి 30కి దించితే ఒక్కొక్కటీ పూర్తి బరువే మోస్తుంది. స్ప్రెడర్ కింద ట్రాన్స్‌ఫార్మర్‌ని పట్టే బెల్టులు నాలుగున్నా రెండే మోస్తాయని లెక్కేశాం, ఎందుకంటే గట్టి సామానుకి నాలుగు కాళ్లూ ఒకేలా బిగవవు. ఒక్కోటి 3.6 టన్నులు, కాస్త మిగులు ఉండేలా ఎర్ర బెల్టులు వేశాం. రంగే బలం చెబుతుంది: పసుపు 3 టన్నులు, బూడిద రంగు 4, ఎరుపు 5. ట్యాగు ఊడిన బెల్టు కొత్తగా మెరుస్తున్నా పక్కన పడేయాల్సిందే. షాకిల్‌ని అడ్డంగా 90 డిగ్రీలకి లాగితే సగం బలమే.

పక్కనున్న 11 కేవీ లైనుకి సబ్‌స్టేషన్ నుంచి ఎల్‌సీ (లైన్ క్లియర్, అంటే కరెంటు ఆపినట్టు అనుమతి) తీసుకున్నాం. ఎర్త్ రాడ్లు వేశారని కళ్లతో చూశాకే బూమ్ లేపాం. బూమ్ తిరిగే వలయం అంతా టేపు కట్టి జనాన్ని బయటికి పంపించాం, ట్రైలర్ డ్రైవర్‌తో సహా. మొదట కొద్దిగా ఎత్తి చూసేది పరీక్షేగా అని దగ్గర నిలబడే అలవాటు మనవాళ్లకి పోలేదు. 2020 ఆగస్టు 1న విశాఖ హిందుస్థాన్ షిప్‌యార్డ్‌లో క్రేన్ కూలి 11 మంది పోయింది పరీక్ష జరుగుతున్నప్పుడే.

సిగ్నల్ ఒక్కడిదే. ఆపమనడం మాత్రం ఎవరైనా అనవచ్చు. మొదట 15 సెంటీమీటర్లు ఎత్తి ఐదు నిమిషాలు ఉంచాం. సామాను దిగజారుతోందా, మ్యాట్లు కుంగుతున్నాయా, బుడగ కదిలిందా చూశాం. మా ఎస్ఎల్ఐ హుక్ బ్లాక్ తీసేసి చూపే రకం, కాబట్టి 7.57 దరిదాపుల్లో రావాలి. 7.6 వచ్చింది. అదే 8.5 చూపిస్తే ట్రైలర్‌కి కట్టిన గొలుసు ఎక్కడో విప్పలేదన్నమాట, ఇంకో సెంటీమీటరు కూడా ఎత్తకూడదు. ఖాళీ హుక్‌తో 9.6 దగ్గర పెట్టిన రేడియస్ బరువు పడగానే బూమ్ వంగి 9.9 అయింది. ఈ 30 సెంటీమీటర్లకి చోటు వదలకుండా సరిగ్గా 10 దగ్గర మొదలుపెట్టి ఉంటే 12 మీటర్ల గడిలోకి జారిపోయేవాళ్లం.

తిప్పడం నెమ్మదిగా, రెండు ట్యాగ్ తాళ్లతో (సామాను ఊగకుండా కింద నుంచి పట్టుకునేవి). గాలి సెకనుకు 9 మీటర్లు దాటితే ఆపాలన్నది మా క్రేన్ హద్దు, ఆ రోజు అంత లేదు. పునాది మీద రోలర్లు ఆనగానే బెల్టులు ఒక్కసారిగా వదల్లేదు. బరువు దిగేకొద్దీ వంగిన బూమ్ మళ్లీ నిటారవుతుంది, హుక్ క్రేన్ వైపుకి ఒక అడుగు వెనక్కి వస్తుంది. ఆపరేటర్ దానికి తగ్గట్టు బూమ్‌ని కొద్దికొద్దిగా దించుతూ రోప్ వదలాలి. లేకపోతే వెనక్కి వచ్చే బెల్టు పింగాణీ బుషింగ్‌ని గీసుకుంటూ పోతుంది.