మొదటి డబ్బా కొనకముందే అడగండి

దగ్గు తగ్గడం లేదని 2024 మార్చిలో అమ్మను హిందూపురం నుంచి బెంగళూరు తీసుకొచ్చాను. ఊపిరితిత్తుల క్యాన్సర్ అని తేలింది. పొగ వాసన కూడా పడని మనిషి. క్యాన్సర్ కణాల్లో ఈజీఎఫ్ఆర్ అనే జన్యువులో మార్పు (మ్యుటేషన్) ఉందని ఒసిమెర్టినిబ్ అనే మందు రాశారు. 80 మిల్లీగ్రాములు, రోజుకొక మాత్ర. నెల మందు ధర నా మూడు నెలల జీతం దాటింది.

ఆ టెన్షన్‌లో గాజులు తాకట్టు పెట్టి మొదటి నెల మందు కొనేశాను. మందుల కంపెనీలకు పేషెంట్ సపోర్ట్ ప్రోగ్రామ్‌లు ఉంటాయని, కొన్ని నెలలు మనం కొంటే ఆ తర్వాత ఉచితంగా ఇచ్చేవీ ఉన్నాయని ఎవరూ చెప్పలేదు. రెండో నెల ఫార్మసీ కౌంటర్‌లో ఉన్న చిత్తూరు అబ్బాయి "అక్కా, ప్రోగ్రామ్‌లో పేరు రాయించారా?" అని అడిగాడు. రాయించకముందు కొన్న డబ్బా లెక్కలోకి రాదట. ఆ డబ్బు పోయినట్టే. ఇది రాస్తున్నది అందుకే. ప్రిస్క్రిప్షన్ చేతికి రాగానే, డబ్బు కట్టకముందే, "దీనికి ప్రోగ్రామ్ ఉందా?" అని డాక్టర్‌నే అడగండి.

మా ప్రోగ్రామ్‌లో ఫారం మీద డాక్టర్ సంతకం, మ్యుటేషన్ రిపోర్టు, ఆధార్ అడిగారు. బిల్లులతో పాటు ఖాళీ స్ట్రిప్పులూ చూపించాలి. బిల్లులో పేరు ఆధార్‌లో ఉన్నట్టే ఉండాలి. అమ్మ ఆధార్‌లో ఇంటిపేరు ముందుంది, బిల్లులో వెనక పడింది. అంతమాత్రానికే ఉచిత డబ్బా ఆగిపోయింది. ఇంట్లో ఆరు మాత్రలే ఉన్నాయి. రాత్రిళ్ళు లేచి వాటినే లెక్కపెట్టుకునేదాన్ని. డబ్బా వచ్చేసరికి ఒక్కటి మిగిలింది.

ఇన్సూరెన్స్ సంగతి వేరు. అమ్మ పాలసీలో 20 శాతం కో-పే, అంటే బిల్లులో అంత వాటా మనమే కట్టుకోవాలి. మిగతాదైనా ఇవ్వకుండా "ఇంట్లో మింగే మాత్రలకు రాదు" అన్నారు. పాలసీల నుంచి తీసేయకూడని చికిత్సల్లో ఓరల్ కీమోథెరపీని (నోటితో మింగే క్యాన్సర్ మందుల్ని) కూడా ఇన్సూరెన్స్ నియంత్రణ సంస్థ ఐఆర్‌డీఏఐ 2019లో చేర్చింది. కంపెనీలు పరిమితి మాత్రం పెట్టుకోవచ్చు. ఆ సంగతి రాసి, డాక్టర్ లెటర్ జతచేసి మళ్ళీ పంపాను. పరిమితి వరకు ఇచ్చారు. ఉచితంగా వచ్చిన డబ్బాలకు బిల్లు ఉండదు, క్లెయిమూ ఉండదు.

ఇంకొకటి. 2024 జూలై బడ్జెట్‌లో ఈ మందు మీద కస్టమ్స్ సుంకం తీసేశారు, అక్టోబరులో జీఎస్టీ 12 నుంచి 5 శాతానికి దించారు. కొన్న ప్రతిసారీ డబ్బా మీద ఎమ్మార్పీ చూసుకోండి.

మొదటి ఉచిత డబ్బా వచ్చిన రోజు అమ్మ దాన్ని ముట్టుకోలేదు. "ఊరికే ఎవరిస్తారు పాపా? ఎవరి సొమ్ము మనం తింటున్నాం?" అంది. కొన్న బిల్లులన్నీ తెచ్చి ఆమె ముందు పరిచాను. ఒక్కొక్కటీ దగ్గరగా పట్టుకుని చదివింది. అద్దాలు తీసి కళ్ళు తుడుచుకుని, మాత్ర వేసుకుంది.

ఇప్పుడు ఖాళీ స్ట్రిప్పులు దాచే పని అమ్మదే. పాత హార్లిక్స్ సీసాలో వేసి, మూత మీద తేదీ రాసి పెడుతుంది.