బోల్తా పడటం నేర్పే క్లాసు

సియాటెల్‌లో ఎండ కాస్తే చాలు, కార్లపైన కయాక్‌లు (తెడ్డుతో నడుపుకునే సన్నటి పడవలు) ప్రత్యక్షం. మనవాళ్ళూ గాలి నింపే పడవలు కొనుక్కుని లేక్ సమామిష్‌లో దిగిపోతున్నారు. నాకేమో ప్యూజెట్ సౌండ్‌లోకి, అంటే సముద్రంలోకే, వెళ్ళాలని. నీళ్ళలో పడ్డాక సొంతంగా తిరిగి ఎక్కగలనని రుజువు చూపిస్తే తప్ప, గైడ్ లేకుండా సీ కయాక్ ఇచ్చేది లేదన్నారు అద్దె దుకాణంవాళ్ళు. అలా క్లాసులో చేరాను.

మొదట్లో తెడ్డు ముట్టుకోనివ్వలేదు. ఇక్కడి సముద్రం నడివేసవిలోనూ చాలాచోట్ల 13, 14 డిగ్రీలే. అందులో పడితే 1-10-1 అని లెక్క చెప్పారు: ఎగశ్వాస అదుపులోకి రావడానికి 1 నిమిషం, చేతులు మన మాట వినేది 10 నిమిషాలు, స్పృహ తప్పడానికి 1 గంట. కాబట్టి ఎండ ఎంత ఉన్నా బట్టలు నీటి చలికి తగ్గట్టే ఉండాలి. అందరం వెట్‌సూట్‌లలోకి, అంటే ఒంటికి అతుక్కుని చలి ఆపే రబ్బరు బట్టల్లోకి, దూరాం. (అది తొడుక్కోవడమే ఒక వ్యాయామం.)

ఆ తర్వాత కావాలని బోల్తా. తలకిందులుగా ఉండి, స్ప్రే స్కర్ట్ (నీళ్ళు లోపలికి రాకుండా నడుముకి తొడుక్కుని, పడవలో కూర్చునే చోటు చుట్టూ బిగించే గుడ్డ) ముందున్న పట్టీ లాగి బయటికి జారాలి. భయపడ్డంత లేదు. అసలు కష్టం ఎక్కడమే. తెడ్డు చివర సంచి తొడిగి, నోటితో గాలి ఊది, తెడ్డును పడవకు అడ్డంగా పెట్టి, దాని ఆసరాతో వెనక భాగం మీదకి బోర్లా పాకాలి. కాళ్ళు లోపలికి దూర్చి, సంచి వైపే ఒరుగుతూ తిరిగి కూర్చోవాలి. అవతలి వైపు ఒరిగామా, మళ్ళీ నీళ్ళే. కూర్చున్నాక పంపుతో లోపలి నీళ్ళు తోడాలి. అప్పటికే నా వేళ్ళు కొంకర్లు పోయాయి.

నాకు బాగా నచ్చింది స్టిక్కర్ సంగతి. పేరు, ఫోన్ నంబర్ రాసి పడవకి అతికించాలి. ఒడ్డున పెట్టిన కయాక్ గాలికి కొట్టుకుపోయి ఖాళీగా కనబడినా, మనిషి నీళ్ళలో ఉన్నాడేమోనని కోస్ట్ గార్డ్ వెతకాల్సివస్తుంది. నంబరుంటే ఒక్క ఫోన్‌తో తేలిపోతుంది. ఎక్కడికి వెళ్తున్నామో, ఎప్పటికి వస్తామో ఇంట్లో చెప్పడం, వచ్చాక వచ్చామనడం కూడా అందుకే. తడి వేళ్ళకి ఫోన్ సరిగ్గా పలకదు గనక చేతిలో వీహెచ్ఎఫ్ రేడియో (పడవలవాళ్ళు వాడే వాకీటాకీ), ఆపదలో 16వ చానల్.

చట్టమే మరీ మెతక అనిపించింది. వాషింగ్టన్ రాష్ట్రంలో ఇలాంటి చిన్న పడవల్లో లైఫ్ జాకెట్ తొడుక్కోవడం 12 ఏళ్ళ వరకు పిల్లలకే తప్పనిసరి. పెద్దలకి పడవలో ఉంటే చాలట. పడ్డాక ఆ చలిలో దాన్ని ఎవరు తొడుక్కోగలరు?

క్లాసు పూర్తయి, దుకాణంవాళ్ళు అడిగిన రుజువు కాగితం చేతికొచ్చింది. మర్నాడే ఉత్సాహంగా దుకాణానికి వెళ్తే, మధ్యాహ్నం గాలి పెరుగుతుందని ఆ రోజు ఎవరికీ పడవలివ్వలేదు. వచ్చే ఆదివారానికి బుక్ చేసుకున్నాను.