కూలెంట్ తగ్గితే నీళ్లు పోసి ఊరుకోకండి

బానెట్ ఎత్తితే, ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం, అంటే కూలెంట్ ఉండే డబ్బా మీద మిన్, మాక్స్ అని రెండు గీతలుంటాయి. ఇంజిన్ బాగా చల్లారాక, బండి మిట్టపల్లాలు లేని చోట ఉన్నప్పుడు, కూలెంట్ ఆ రెండింటి మధ్య ఉంటే సరే. వేడి మీద చూస్తే ఉన్నదానికంటే ఎక్కువే కనిపిస్తుంది. డబ్బా పాతబడి పసుపెక్కి లోపలేముందో తెలియకపోతే వెనక నుంచి ఫోన్ టార్చ్ వేసి బండిని కాస్త కుదపండి, లోపల ఊగే మట్టం కనిపిస్తుంది.

వేడిగా ఉన్నప్పుడు మాత్రం మూత జోలికి పోవద్దు. లోపల ప్రెషర్ వల్ల కూలెంట్ 100 డిగ్రీలు బాగా దాటినా మరగకుండా ఆగుతుంది, మూత వదులైతే ఒక్కసారిగా పొంగి చేతుల మీదా మొహం మీదా పడుతుంది.

మట్టం తగ్గిందని కుళాయి నీళ్లు పోసేస్తుంటారు చాలామంది. దారిలో ఆగిపోయినప్పుడు తప్పదనుకోండి, కానీ అదే అలవాటైతే కూలెంట్ పలచబడిపోతుంది, తుప్పు పట్టకుండా కాపాడే రసాయనాలూ పలచబడతాయి, నీళ్లలోని సున్నం రేడియేటర్ సన్న గొట్టాల్లో పేరుకుంటుంది. మంచు పడని చోట యాంటీఫ్రీజ్ (గడ్డకట్టకుండా కూలెంట్‌లో ఉండే ద్రవం) ఎందుకనేవాళ్లు ఈ తుప్పు సంగతే మర్చిపోతారు. అలాగని చిక్కగా పోస్తే ఇంకా మంచిదనుకోవద్దు. యాంటీఫ్రీజ్‌లో ముఖ్యంగా ఉండే ఇథిలీన్ గ్లైకాల్, డిస్టిల్డ్ వాటర్ సగం సగం కలిపితే దాదాపు మైనస్ 37 డిగ్రీల దాకా గడ్డకట్టదు, అదే ఉత్త గ్లైకాల్ అయితే మైనస్ 13 దగ్గరే గడ్డకడుతుంది, పైగా వేడిని నీళ్లంత బాగా లాగదు.

రంగు చూసి కొనకండి. పచ్చ, గులాబీ, నారింజ రంగులకు అన్ని కంపెనీలూ పాటించే లెక్కేం లేదు, మాన్యువల్‌లో రాసిన స్పెసిఫికేషనే చూడాలి. పడని రకాలు కలిస్తే జిగురులా తయారై దారులు మూసుకుపోవచ్చు.

అసలు చూడాల్సింది వేరే ఉంది. పోసిన కొన్నాళ్లకే మళ్లీ తగ్గుతోందంటే ఎక్కడికో పోతున్నట్టే. రబ్బరు గొట్టాలను బిగించే హోస్ క్లిప్పుల దగ్గర ఎండిన మరకలు, వాటర్ పంప్ కింద తడి ఉన్నాయేమో చూడండి. కార్లో తియ్యటి వాసన, కాళ్ల దగ్గర కార్పెట్ చెమ్మగా ఉంటే హీటర్ కోర్ (కారు లోపలికి వేడిగాలి ఇచ్చే చిన్న రేడియేటర్) మీద అనుమానపడాలి. బయట ఏమీ కనిపించకుండా, ఇంజిన్ వేడెక్కాక కూడా సైలెన్సర్ నుంచి తెల్లటి పొగ ఆగకపోతే హెడ్ గ్యాస్కెట్ (ఇంజిన్ బ్లాక్‌కీ పైనున్న హెడ్‌కీ మధ్య ఉండే సీల్) పోయి ఉండొచ్చు, అప్పుడిక బండి నడపకుండా మెకానిక్‌ని పిలవడమే.

కింద ఒలికితే వెంటనే తుడిచేయండి, తియ్యగా ఉంటుందని కుక్కలు నాకుతాయి, కొంచెం లోపలికి వెళ్లినా ప్రాణం మీదకొస్తుంది.