నంద్యాల మీదుగా వాల్తేరుకు

మా ఇంట్లో ముందుగదిలో మా తాత బీఏ పట్టా ఫ్రేము కట్టి ఉంటుంది. చదివింది అనంతపురంలో, ముద్ర మాత్రం మద్రాసు యూనివర్సిటీది. ఆయన చదివే నాటికి ఆంధ్ర విశ్వవిద్యాలయం పుట్టి పదేళ్ళు దాటింది. "మరి మద్రాసు ముద్ర ఎందుకు?" అని చిన్నప్పుడు అడిగితే మా నాన్న, "నన్ను కాదురా, వాల్తేరోళ్ళను అడుగు" అనేవాడు. విశాఖలో ఆ యూనివర్సిటీ ఉన్న చోటే వాల్తేరు. నేను యాభై దాటేదాకా వాల్తేరు పోలేదు, అడగనూ లేదు.

పోయినేడాది మా పాపకు అక్కడ ఎమ్మెస్సీ సీటొచ్చింది, సముద్రశాస్త్రంలో. నేను చదివిన శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీ మా ఊరి పక్కనే ఉంది, ఇంట్లోంచి పోయి రావచ్చు, అక్కడేదైనా చూసుకోమ్మా అన్నాను.

"ఇటుకలపల్లిలో సముద్రముందా నాన్నా?" అంది.

దానికి నా దగ్గర జవాబు లేదు. ప్రశాంతి ఎక్స్‌ప్రెస్‌కు రెండు బెర్తులు బుక్ చేశాను. మా ఆవిడ రెండు రోజులకు సరిపడా ఓళిగలు, ఒక పూటకు చిత్రాన్నం కట్టిచ్చింది. హాస్టల్లో దొరకదని ఒక డబ్బా నిండా శనక్కాయల పొడి కూడా. సామాన్లలో అన్నిటికంటే బరువు అదే.

సాయంత్రం అనంతపురంలో ఎక్కితే మర్నాడు మధ్యాహ్నానికి విశాఖ. ఎక్కేటప్పుడు తోచలేదు గానీ, ఈ రైలు పోయే దారి ఆంధ్ర యూనివర్సిటీ కథ నడిచిన దారే. ఊర్లు మాత్రం వరసలో రావు.

రాత్రి నంద్యాలలో కిందికి దిగి నీళ్ళ బాటిల్ కొన్నాను. 1928 నవంబరులో ఇక్కడే ఆంధ్ర మహాసభ జరిగింది. నిజాం 1800లో ఇంగ్లీషువాళ్ళకు రాసిచ్చేశాడు కాబట్టి మా జిల్లాలను అప్పటిదాకా సీడెడ్ జిల్లాలు, దత్తమండలం అనేవాళ్ళు. ఎవరో ఎవరికో ఇచ్చేసిన నేల అని పిలిపించుకోవడం ఏం బాగుంటుంది? రాయలసీమ అందాం అని ఆ సభలో సూచించినాయన చిలుకూరి నారాయణరావు. అనంతపురం కాలేజీలో పాఠాలు చెప్పేవాడు. ఆయన మా సీమలో పుట్టినవాడు కాదు, శ్రీకాకుళం వైపు మనిషి. మాకు పేరు పెట్టిన మనిషి ఊరి వైపే పోతున్నామని చెబితే మా పాప, "అయితే లెక్క సరిపోయింది, పడుకో నాన్నా" అని దుప్పటి కప్పుకుంది.

ఆ రోజుల్లోనే యూనివర్సిటీ ఎక్కడ పెట్టాలనే గొడవ జోరుగా సాగింది. 1926లో చట్టం వచ్చింది, బెజవాడలో ఆఫీసు తెరిచారు. బెజవాడలోనే ఉండనీ అన్నవాళ్ళున్నారు. రాజమండ్రి అన్నవాళ్ళున్నారు, వాల్తేరు అన్నవాళ్ళున్నారు. మావాళ్ళు అనంతపురం అన్నారు. చివరికి 1930లో వాల్తేరుకు పోయింది. మా కాలేజీలు మద్రాసు యూనివర్సిటీ కిందనే ఉండిపోయాయి. తాత పట్టా మీది ముద్ర సంగతి ఇదీ.

ఈ కడుపుమంట ఊరికే పోలేదు. 1937లో మద్రాసులో కాశీనాథుని నాగేశ్వరరావు ఇంట్లో కోస్తా, సీమ నాయకులు కూర్చుని శ్రీబాగ్ ఒడంబడిక రాసుకున్నప్పుడు అందులో నీళ్ళ మాట, రాజధాని మాటతో పాటు అనంతపురంలో ఒక యూనివర్సిటీ కేంద్రం అనే మాట కూడా ఎక్కింది. కాగితం మీద ఎక్కింది, అంతే. ఆంధ్ర రాష్ట్రం వచ్చాక 1954లో తిరుపతికి యూనివర్సిటీ ఇచ్చారు. దాని పీజీ సెంటరు అనంతపురంలో 1968లో తెరిచారు. అది సొంత యూనివర్సిటీ అయ్యేసరికి 1981. లెక్కేసుకోండి, శ్రీబాగ్ నుంచి 44 ఏళ్ళు.

గుంటూరు వచ్చేసరికి తెల్లవారుతోంది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ మీద బాంబులు వేశాయి. వాల్తేరు భవనాలు మిలిటరీ చేతికి పోయాయి. యూనివర్సిటీ మూటాముల్లె సర్దుకుని గుంటూరు వచ్చి తలదాచుకుంది. తర్వాత 1967లో అదే గుంటూరులో ఆంధ్రా వాళ్ళే పీజీ సెంటరు పెట్టారు, 1976లో అది నాగార్జున యూనివర్సిటీ అయింది. శ్రీకాకుళం సెంటరూ అలాగే 2008లో వేరుపడింది. ఈ సంగతి మా నాన్నకు చెబితే "కోస్తాలో పిల్లలు పెడతారు, మన దగ్గర గుడ్డు పొదగడానికి అర్ధశతాబ్దం" అంటాడు. అందుకే చెప్పలేదు.

గోదావరి బ్రిడ్జి మీద పాప లేచి కిటికీకి అతుక్కుపోయింది. పెన్నలో ఇసుక చూసి పెరిగిన పిల్ల. తునిలో ఓళిగలు అయిపోయాయి.

విశాఖలో ఆటో ఎక్కి "యూనివర్సిటీకి" అన్నాను. "ఇన్‌గేటాండి, అవుట్‌గేటాండి?" అన్నాడు. లోపలికి పోయేవాళ్ళం కదా, ఇన్‌గేట్ అన్నాను ధీమాగా. మేం పోవాల్సింది రెండోదానికి దగ్గరట. శనక్కాయల పొడి మోసుకుంటూ ఎండలో క్యాంపస్ అంతా నడిచాం. ఒకరకంగా మంచిదే అయింది, అన్నీ చూశాం.

నేను చదివిన క్యాంపస్‌లో ఏ చెట్టు నీడ ఎక్కడ పడుతుందో లెక్కపెట్టుకుని నడిచేవాళ్ళం. ఇక్కడ గుట్ట, ఎత్తుపల్లాలు, మలుపు తిరిగితే సముద్రం. 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుపాను వచ్చినప్పుడు ఇక్కడి పెద్ద చెట్లు చాలా నేలకొరిగాయి. పడినవి పోగా ఉన్నవే నా కంటికి అడవిలా కనిపించాయి.

పాత సైన్సు కాలేజీకి జయపూర్ మహారాజు విక్రమదేవ వర్మ పేరుంది. జయపూర్ అంటే రాజస్థాన్‌ది కాదు, ఇప్పుడు ఒడిశాలో ఉన్న కొండల సంస్థానం. ఆయన ఏటా లక్ష రూపాయలు ఇచ్చాడు. 1930లలో లక్షంటే ఎంతో ఊహించుకోండి. తెలుగు యూనివర్సిటీ నిలబడటానికి ఒడిశా కొండల్లోంచి డబ్బొచ్చింది, రాయలసీమ పేరు ఉత్తరాంధ్ర మనిషి నోట్లోంచి వచ్చింది. నేను ఇంటినుంచి మోసుకొచ్చిన కోపం అక్కడ కొంచెం సడలిందనే చెప్పాలి.

1931 నుంచి 1936 దాకా ఇక్కడ వైస్ ఛాన్సలర్ సర్వేపల్లి రాధాకృష్ణన్. మనుషుల్ని వెతికి తేవడంలో ఆయన చెయ్యి పెద్దది. తెలుగుకు పింగళి లక్ష్మీకాంతం, కెమిస్ట్రీకి టి.ఆర్. శేషాద్రి, ఫిజిక్సుకు సూరి భగవంతం. బెంగాల్ నుంచి హుమాయూన్ కబీర్, హీరేన్ ముఖర్జీ లాంటి కుర్ర లెక్చరర్లు. 1933లో రవీంద్రనాథ్ టాగూర్ వచ్చి ఉపన్యాసాలిచ్చాడు. లెక్కల్లో ఎమ్మే చేయడానికి ఇక్కడికొచ్చిన కుర్రాడొకడు తర్వాత స్టాటిస్టిక్సులో ప్రపంచానికి సి.ఆర్. రావు అయ్యాడు. ఏ ఊర్లో పెట్టాలని కొట్టుకున్న సంస్థ, పెట్టాక మాత్రం ఏ ఊరివాడు అని చూడకుండా పిలిచింది. ఇప్పుడు మన యూనివర్సిటీల్లో ఖాళీ పోస్టుల సంగతి తలుచుకుంటే ఈ జాబితా చదవడానికే కష్టంగా ఉంటుంది.

పాపకు నచ్చిన కథ వేరే. 1950లలో యూజీన్ లాఫాండ్ అనే అమెరికన్ సముద్ర శాస్త్రవేత్త ఇక్కడికొచ్చి పాఠాలు చెప్పాడు. ఈ తీరానికి ఆవల, సముద్రం అడుగున పెద్ద లోయలున్నాయి. వాటిలో ఒకదానికి ఆంధ్ర అని, ఇంకోదానికి ఇక్కడి జియాలజీ ప్రొఫెసరు పేరున మహాదేవన్ అని పేర్లు పెట్టారు. "నీళ్ళ కింద కూడా ప్రొఫెసర్ల పేర్లున్నాయి నాన్నా" అని నవ్వింది.

హాస్టల్ సంగతులు తేలాక, సాయంత్రం కాన్వొకేషన్ హాలు ముందు చప్టా మీద కూలబడ్డాం. యూనివర్సిటీ చిహ్నం కింద "తేజస్వి నావధీతమస్తు" అని ఉంది, మన చదువు తేజస్సుతో వెలగాలని. గురువూ శిష్యుడూ కలిసి చెప్పుకునే మాట. హాలుకు కట్టమంచి రామలింగారెడ్డి పేరు పెట్టారు. మొదటి వైస్ ఛాన్సలర్ ఆయనే. స్వాతంత్ర్యోద్యమం మీద ఇంగ్లీషు ప్రభుత్వం చేసిన దౌర్జన్యానికి నిరసనగా 1930లో ఆ కుర్చీ వదిలేసి పోయాడు. మళ్ళీ 1936లో వచ్చి 1949 దాకా నడిపాడు. కట్టమంచి ఎక్కడుందంటే చిత్తూరులో.

వెంటనే మా నాన్నకు ఫోన్ చేశాను. ఎనభై నాలుగేళ్ళు, వినికిడి తగ్గింది గానీ ఈ విషయానికి మాత్రం చెవులు బాగానే పనిచేస్తాయి.

"పాప చేరిందా?"

"చేరింది నాన్నా. ఒక సంగతి చెప్పనా? ఈ యూనివర్సిటీకి మొదటి వీసీ మన సీమ మనిషే, కట్టమంచి రెడ్డిగారు."

"తెలుసులేరా," అన్నాడు. "మనోడుండి కూడా రాలేదనే గదా నా కోపమంతా."