హమాలీ లేకుండా లేదు

కర్నూలులో ఉల్లి మండీ నడిపే ఒక అన్నకు మూడేళ్ల కిందట బిల్లుల ప్రోగ్రామ్ రాసిచ్చాను. మొన్నొక రోజు పొద్దున్నే ఫోన్. "ఏంది నాయనా, సంచులు సొంతంగా దింపుకున్న రైతుకూ హమాలీ పట్టేసింది నీ కంప్యూటర్. నలుగురు నా మీద పడినారు."

పైథాన్ భాషలో రాసిన ఆ ప్రోగ్రామ్ ఫైలు తెరిచాను. బిల్లు లెక్కకట్టే ఫంక్షన్ (ఒక పని చేసే కోడ్ ముక్క) ఒక్కటే 140 లైన్లు. 'ఇలా అయితే' అనే ఇఫ్‌లో ఇఫ్, దాంట్లో ఇంకో ఇఫ్. ఏడో మెట్టు దిగితే గానీ అసలు లెక్క కనపడదు. ఏ ఎల్స్ (లేకపోతే) ఏ ఇఫ్‌దో స్క్రీన్ మీద వేలు పెట్టి చూసుకోవాల్సిందే. రాసింది నేనే, తిట్టుకోవడానికి వేరే మనిషి కూడా లేడు.

తప్పు ఒక్క లైన్లో ఉంది. మొదట 'నాట్ (నో_హమాలీ ఆర్ సొంత_దింపుడు)' అని రాసుకున్నాను. నో_హమాలీ అంటే కూలి వ్యాపారే భరిస్తాడని. ఈ రెంటిలో ఏదీ కాకపోతేనే రైతు దగ్గర పట్టాలి. పోయిన నెల బ్రాకెట్ విప్పి, 'నాట్ నో_హమాలీ ఆర్ నాట్ సొంత_దింపుడు' చేశాను. నాట్ (కాదు) లోపలికి పోతే ఆర్ (లేదా) కాస్తా అండ్ (రెండూ) కావాలి. లేకపోతే రెంటిలో ఒక్కటి కాకున్నా హమాలీ పడిపోతుంది. ఇది గణిత శాస్త్రవేత్త డీ మోర్గాన్ సూత్రం. ఆయన పుట్టింది మదురైలోనే, 1806లో. పరీక్షలో రాసి మార్కులు కూడా తెచ్చుకున్నాను మరి!

అండ్ పెట్టి వదిలేయొచ్చు. కానీ 'నాట్ నో_హమాలీ' అనే పేరు చూస్తేనే టెన్షన్. ముందు 30 పాత బిల్లులు తీసి టెస్టులుగా పెట్టుకున్నాను. తర్వాత పనికిరాని కేసులన్నీ ఫంక్షన్ మొదట్లోనే తేల్చేశాను: సంచులు సున్నా అయితే అక్కడే రిటర్న్ (ఫంక్షన్ నుంచి బయటికి), ధర పడకపోతే అక్కడే ఎర్రర్. ఫంక్షన్‌కు ఒక్కటే రిటర్న్ ఉండాలని కాలేజీలో నేర్పారు. ఆ పట్టుదలే నన్ను ఏడు మెట్లు దింపింది. హమాలీ షరతును విడిగా తీసి 'హమాలీ_పట్టాలా' అని పేరు పెట్టాను. లోపల ఒకటే లైను: సొంతంగా దింపుకోలేదు, వ్యాపారి భరించడం లేదు, రెండూ నిజమైతేనే పట్టు. రకాన్ని బట్టి ధర చూసే ఎలిఫ్‌ల ('అది కాకపోతే ఇది') వరుస డిక్షనరీలోకి, అంటే రకం పక్కన ధర ఉండే పట్టికలోకి పోయింది.

టెస్టులు నడిపితే 29 సరిపోయాయి. ఒక పాత బిల్లులో 12 రూపాయలు తేడా. తీరా చూస్తే కొత్త కోడే కరెక్టు. మండీ ఆ రైతుకు ఎక్కువిచ్చింది. ఫోన్ చేసి చెప్పాను.

"పోనీలే నాయనా, రైతుకే కదా పోయింది. మొన్నటోళ్ల హమాలీ డబ్బులు ఎవరిస్తారో అది చెప్పు."